వైజాగ్, కోల్‌కతా, ముంబై: క్లబ్ మొత్తం మూడు రేసులూ పరుగెత్తాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్‌లో కాలనీ రన్నింగ్ క్లబ్, ఇరవై మందికి పైనే ఉన్నారు, చాలామంది ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) పూర్తి చేశారు, ఒకరిద్దరు ఫుల్ (42 కిలోమీటర్లు) కూడా చేశారు. ఆ ఊపులో ఈ చలికాలం వైజాగ్ నేవీ మారథాన్, కోల్‌కతా 25కె, ముంబై మారథాన్ మూడూ అందరం కలిసి కొట్టేద్దామని గ్రూప్‌లో తీర్మానం చేసేసుకున్నారు. ప్లాన్ ఎలా వేసుకోవాలి, చలికి ఏం వేసుకోవాలి, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ప్రాక్టీస్ చేయొచ్చా అని అడిగారు.

నాకు పేచీ ఆ తీర్మానంతోనే. మూడు ఊళ్లకూ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి, కానీ అందరూ మూడూ గట్టిగా పరుగెత్తొద్దు. ఒక మనిషికి ఒక చలికాలంలో ఒకే అసలు రేసు. మిగతా రెండింటికి వెళ్తే పక్కవాడికి పేసర్‌గా, అంటే అతని వేగం నిలబెట్టే తోడుగా వెళ్లండి, లేదా లాంగ్ రన్ (ప్రాక్టీసులో చేసే దూరపు పరుగు) లెక్కన నింపాదిగా చేయండి, అదీ కుదరకపోతే రోడ్డు పక్కన నిలబడి అరటిపండ్లు పంచండి. ఏటా చూస్తున్నాను, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరికిన ప్రతి రేసుకీ బిబ్ (చొక్కా మీద పెట్టుకునే నంబర్) కట్టేవాళ్ల టైమింగులు అన్ని చోట్లా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మార్చికల్లా మోకాలి బెల్టుతో కనిపిస్తారు.

లెక్క చూడండి. కోల్‌కతా రేసు డిసెంబరు మూడో ఆదివారం, ముంబై జనవరి మూడో ఆదివారం. మధ్యలో నాలుగు వారాలు, మహా అయితే ఐదు. 25 కిలోమీటర్లు పూర్తి శక్తితో పరుగెత్తితే కాళ్లు మామూలు కావడానికి వారం, పది రోజులు పోతాయి. ముంబైకి ముందు రెండు వారాలు దూరం తగ్గించుకుంటూ రావాలి. ఇక చేతిలో మిగిలిందెంత? ఫుల్ చేసేవాళ్లకు 30, 32 కిలోమీటర్ల పెద్ద లాంగ్ రన్ పడాల్సింది సరిగ్గా ఆ మధ్య రోజుల్లోనే, అంటే క్రిస్మస్ అటూ ఇటూ. కోల్‌కతాలో కాళ్లు కరగదీసుకుని వచ్చినవాడు ఆ లాంగ్ రన్ ఎగ్గొడతాడు, లేదా కుంటుకుంటూ చేస్తాడు. రెండూ నష్టమే. వైజాగ్ తేదీ మాత్రం ఏటా ఒకేలా ఉండదు, ఒకసారి నవంబరు, ఒకసారి డిసెంబరు మధ్య. అది కోల్‌కతా పక్కనే వచ్చి పడిన ఏడాది ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవడం తప్ప దారి లేదు.

ఎవరు ఎక్కడికి అన్నదానికి నా సలహా ఇది. మొదటిసారి బయటి ఊళ్లో పరుగెత్తుతున్నవాళ్లు, ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్దామనుకునేవాళ్లు వైజాగ్ వెళ్లండి. సముద్రం పక్కన రోడ్డు కదా అని చదునుగా ఊహించుకోవద్దు. ఆర్కే బీచ్ దగ్గర బాగానే ఉంటుంది, జోడుగుళ్లపాలెం దాటి తెన్నేటి పార్కు, కైలాసగిరి వైపు వెళ్లే కొద్దీ రోడ్డు లేస్తుంది. దూరాన్నిబట్టి ఆ ఎత్తు మీ రూట్‌లో వస్తుందో లేదో ఆ ఏడాది మ్యాపు చూసుకోండి. పైగా అక్కడ చలి ఉండదు, ఉక్కపోతే ఉంటుంది. టైమింగ్ మెరుగుపరుచుకోవాలని పట్టుదల ఉన్నవాళ్లు కోల్‌కతా. రెడ్ రోడ్, మైదాన్ చుట్టుపక్కల రోడ్లు బల్లపరుపు, పొద్దున 15 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. 2023లో అక్కడే ఇథియోపియా అమ్మాయి సుతుమే కెబెడె 25 కిలోమీటర్లను 1 గంట 18 నిమిషాల 47 సెకన్లలో చేసి మహిళల్లో ప్రపంచంలోనే అత్యుత్తమ టైమింగ్ పెట్టింది, అంత వేగమైన కోర్సు. అయితే సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకు పైనే ప్రయాణం, కాళ్లు బిగుసుకుపోతాయి, రేసుకు ఒక పూట ముందు దిగితే చాలదు. ముంబై ఫుల్ చేసేవాళ్లు కోల్‌కతా వెళ్లాలని సరదాపడితే వెళ్లండి, కానీ ముంబైలో ఏ వేగంతో వెళ్దామనుకుంటున్నారో ఆ వేగం దాటకూడదు. పక్కన పదిమంది దాటిపోతుంటే ఊరుకోవడం కష్టమే. అది చేతకాదనుకుంటే టికెట్ తీయకండి.

ఇక ముంబై. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్లకు ఆ రేసులో ఉన్న చిక్కు వేరే ఊరివాళ్లకు లేదు. జనవరి మూడో ఆదివారం అంటే 15 నుంచి 21 లోపు పడుతుంది. అంటే సంక్రాంతి రోజునో, మర్నాడో, ఆ వారంలోనో రేసు! మిగతా దేశమంతా ఆ వారం కాళ్లు చాపుకుని అన్నం, నీళ్లు చూసుకుంటుంటే మనం పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కారులో గంటలకొద్దీ కూర్చుని ఉంటాం. ఊళ్లో దిగీ దిగగానే అరిసెలు, జంతికలు, కనుమ నాడు గారెలూ నాటుకోడీ. వద్దంటే అత్తగారు ఊరుకోరు, అల్లుడు తినడం లేదంటే అదొక పెద్ద చర్చ. పండగ మానేయమని నేను చెప్పను, చెప్పినా వినరు. ఇలా చేయండి. వెళ్లేవాళ్లు భోగికి ఒక రోజు ముందే చేరిపోండి, సంక్రాంతి మధ్యాహ్నానికి తిండి విందు ముగించండి, కనుమ నుంచి మామూలు అన్నం, చారు, పెరుగు, ఇడ్లీ. అరిసె ఒకటి తింటే రేసేమీ పాడవదు, నూనెలో వేగినవి మూడు రోజులు వరుసగా తింటేనే ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కడుపు తిరగబడుతుంది. భోగి మంటల పొద్దున మాత్రం పరుగుకు వెళ్లొద్దు. టైర్లు, ప్లాస్టిక్ వేసి మండించే ఊళ్లున్నాయి, ఆ పొగ కిందనే పరుచుకుని ఉంటుంది. సాయంత్రం ఐదుకో ఆరుకో ఒక అరగంట చాలు. ఆ వారం తేలిక పరుగులే కదా.

ఏ ఏడాదైనా పండగ, రేసు మరీ దగ్గరగా పడితే ఊరి నుంచి తిన్నగా ముంబై వెళ్లేలా టికెట్లు చూసుకోండి. బిబ్ రేసు రోజు ఇవ్వరు, ముందు రోజుల్లో ఎక్స్‌పోకి (రేసు వాళ్లు స్టాళ్లతో పెట్టే ప్రదర్శన) మనిషి వెళ్లి తెచ్చుకోవాలి. శనివారం మధ్యాహ్నం దిగి, సాయంత్రం దాకా క్యూలో నిలబడి, ఆపైన స్టాళ్లన్నీ చూసి షాపింగ్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మర్నాడు 42 కిలోమీటర్లు ఆ కాళ్లతోనే కదా వెళ్లాలి! శుక్రవారానికి చేరండి, బిబ్ తీసుకుని బయటపడండి.

ముంబై వాతావరణం గురించి మన క్లబ్బుల్లో ఒక భ్రమ ఉంది, జనవరి కాబట్టి చల్లగా ఉంటుందని. మనకు డిసెంబరు, జనవరిలో పొద్దున 13, 15 డిగ్రీలు, పటాన్‌చెరు వైపు, రాజేంద్రనగర్ వైపు ఇంకా తక్కువ, పైగా పొడిగాలి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టినా ఆరిపోతుంది. ముంబైలో తెల్లవారుజామునే 18, 20 ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎలీట్లకు, అంటే అగ్రశ్రేణి రన్నర్లకు కూడా ఇది తప్పదు. 2023 జనవరిలో ఇథియోపియా రన్నర్ హైలే లెమి అక్కడ 2 గంటల 7 నిమిషాల 32 సెకన్లతో కోర్సు రికార్డు పెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో చల్లటి చికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ చేసింది 2:00:35. మనిషికీ మనిషికీ తేడా ఉంది, నిజమే, కానీ వేగంగా పరుగెత్తాలనుకునేవాళ్లు చల్లటి ఊళ్లు వెతుక్కోవడం ఊరికే కాదు. మన దేశపు రన్నర్ శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు పెట్టిందీ 1978 డిసెంబరులో, జలంధర్‌లో. నాలుగు దశాబ్దాలకు పైగా దాన్ని కదిలించినవాడు లేకపోయాడు.

కాబట్టి హైదరాబాద్ చలిలో తేలిగ్గా వచ్చిన వేగాన్ని అలాగే తీసుకెళ్లి ముంబైలో పెట్టొద్దు, కిలోమీటరుకు 10, 15 సెకన్లు ఎక్కువ తీసుకోండి. అలవాటు కోసం డిసెంబరులో ఒకటి రెండు లాంగ్ రన్లు కావాలని ఆలస్యంగా, ఏడింటికి మొదలుపెట్టి ఎండెక్కేదాకా చేయండి. గ్రూప్‌లో అందరూ తిడతారు, పర్లేదు.

టార్గెట్ ఎంత పెట్టుకోవాలి? మీలో ఎక్కువమంది ఆగస్టులో ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ హాఫ్ చేసినవాళ్లే, ఆ టైమింగ్ చదును కోర్సులో నాలుగైదు నిమిషాలు తగ్గడం మామూలే. ఫుల్‌కి అయితే హాఫ్ టైమింగ్‌ను రెట్టింపు చేసి కనీసం 20 నిమిషాలు కలపండి. 2 గంటల 10 నిమిషాల హాఫ్ ఉన్నవాడికి 4:40, అంటే కిలోమీటరుకు 6:38. వారానికి 40 కిలోమీటర్లు కూడా పరుగెత్తనివాళ్లు ఇంకో పావుగంట కలుపుకోండి. 4:20 అని బోర్డు పెట్టుకుని వెళ్లినవాడు 5:10కి వస్తాడు, 4:45 అనుకున్నవాడు 4:42కి వచ్చి బిర్యానీ తినడానికి ఎక్కడికెళ్దామని అడుగుతాడు.

ఫుల్ స్టార్ట్ పొద్దున ఐదు ప్రాంతంలో ఉంటుంది. జనవరిలో ముంబైలో సూర్యుడు ఏడుంబావు దాకా రాడు కాబట్టి మొదటి రెండు గంటలు చీకటి, చల్లగానే ఉంటుంది. మోసమంతా అక్కడే. సీ లింక్ (సముద్రం మీది వంతెన) మీద గాలి, లైట్లు, పక్కన క్లబ్ వాళ్లు, కాళ్లు వాటంతటవే వెళ్తుంటాయి. ముప్పై దాటాక పెడ్డర్ రోడ్ ఎక్కుడు వస్తుంది, అప్పటికి ఎండ నెత్తిన ఉంటుంది. ఎత్తు పెద్దది కూడా కాదు, మన జూబ్లీహిల్స్ ఎక్కుడుల ముందు అదొక లెక్కలోది కాదు, కానీ అది వచ్చే చోటు అలాంటిది. అక్కడ పక్కకు చూడండి, పిక్క పట్టేసి డివైడర్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లు వరుసగా కనిపిస్తారు, స్ప్రే పట్టుకుని వాలంటీర్లు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి పరుగెడుతుంటారు, పిల్లలు నారింజ తొనలు, ఉప్పు పట్టుకుని చేతులు చాపి ఉంటారు. ఆ ఎక్కుడు నడవండి. సిగ్గేమీ లేదు. ముందుగా అనుకుని ఒక నిమిషం నడిచినవాడు దిగుడులో మళ్లీ పరుగెత్తుతాడు, మొండిగా పరుగెత్తి ఆగిపోయినవాడు చివరిదాకా నడుస్తాడు.

నీళ్లు దప్పిక వేసినప్పుడు రెండు మూడు గుటకలు, ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసు నింపుకుని తాగకండి. ఐదు గంటలపాటు ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, అది డీహైడ్రేషన్ కంటే ప్రమాదం. ఎలక్ట్రాల్ లాంటిది, ఎనర్జీ జెల్ లాంటిది గంటకు ఇంత అని లాంగ్ రన్లలోనే అలవాటు చేసుకోండి. పరుగుకు ముందు పెయిన్‌కిల్లర్ మాత్ర మింగే అలవాటు మన క్లబ్బుల్లో బాగా ఉంది, మానేయండి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

మాల సంగతి. ఏటా నవంబరు, డిసెంబరుల్లో ప్రతి క్లబ్‌లోనూ ముగ్గురు నలుగురు స్వాములు ఉంటారు, వాళ్లను వదిలేసి ప్లాన్ వేయడం కుదరదు. పరుగెత్తొచ్చు. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, మందు, సిగరెట్ లేకపోవడం అన్నీ రన్నర్‌కు మంచివే, కొందరికి ఏడాది మొత్తంలో నిద్ర సరిగ్గా పట్టేది ఆ 41 రోజులే. ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి, చెప్పులు లేని కాళ్లు. ఏడాదంతా మెత్తటి బూట్లలో తిరిగిన పాదంతో ఒక్కసారిగా పది కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో తారు మీద పరుగెత్తితే పాదం ఎముకకు సన్నటి పగులు రావచ్చు, పిక్క, మడమ నరం పట్టేయొచ్చు. శివనాథ్ సింగ్ ఒట్టి కాళ్లతో పరుగెత్తేవాడని ఉదాహరణ చెప్పకండి, ఆయన చిన్నప్పటి నుంచీ అలాగే పరుగెత్తినవాడు. గడ్డి మైదానంలో, మట్టి ట్రాక్ మీద రెండు మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి చాలా నెమ్మదిగా పెంచుకోండి, మిగతా రోజులు నడక. పరుగప్పుడు మాత్రం బూట్లు వేసుకోవచ్చా అన్నది మీ గురుస్వామిని అడగాల్సిన మాట, నన్ను కాదు. రెండోది తిండి. మధ్యాహ్నం ఒక్క పూట భిక్ష, రాత్రి అల్పాహారం, దాని మీద పొద్దున 25 కిలోమీటర్లు అంటే కళ్లు తిరుగుతాయి. లాంగ్ రన్‌కు ముందు రోజు రాత్రి ఉప్మానో, ఇడ్లీనో, అరటిపండ్లో కాస్త ఎక్కువ తీసుకోండి, పొద్దున పూజ అయ్యాక బెల్లం ముక్కో ఖర్జూరాలో నోట్లో వేసుకుని బయల్దేరండి. మకరజ్యోతికి కొండకు వెళ్లే స్వాములు ఆ ఏడాది ముంబై మాట మర్చిపోండి. కొండ ఎక్కి దిగి, రెండు రాత్రులు బస్సులో కూర్చుని వచ్చి ఫుల్ మారథాన్ చేస్తానంటే ఏ కోచ్ కూడా ఒప్పుకోడు. వాళ్లకు ఫిబ్రవరిలో ఢిల్లీ మారథాన్ ఉంది, చల్లగానూ ఉంటుంది.

చలికి ఏం వేసుకోవాలి అన్నారు. మన హైదరాబాద్ చలికి జాకెట్, మంకీ క్యాప్ వేసుకుని పరుగెత్తేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది, రెండో కిలోమీటరుకే అవి నడుముకు చేరతాయి. మామూలు టీషర్టు, షార్ట్స్ చాలు. మొదటి పది నిమిషాలు చలి వేయాలి, వేయకపోతే ఎక్కువ వేసుకున్నట్టు. కోల్‌కతాలో మాత్రం స్టార్ట్ ముందు చీకట్లో చాలాసేపు నిలబడాలి, పారేసినా బాధలేని పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఒకటి పైన వేసుకెళ్లి గన్ పేలే ముందు తీసేయండి. వార్మప్ వేసవిలో కంటే రెట్టింపు, నడక, నెమ్మది జాగింగ్, మోకాళ్లు ఎత్తడం. చల్లటి కండరాన్ని పట్టుకుని సాగదీయకండి. తొడల మధ్య, చంకల్లో, మగవాళ్లు రొమ్ముల మీద వాజిలిన్ రాయడం మర్చిపోకండి, ఫినిష్ ఫోటోలో చొక్కా మీద రెండు ఎర్ర మరకలతో కనిపించాలని ఎవరికీ ఉండదు కదా. ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి పడదు, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

చలికంటే నన్ను భయపెట్టేది చీకటి. డిసెంబరులో ఆరున్నర దాటితే కానీ తెల్లారదు, మీరేమో ఐదింటికే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) సర్వీస్ రోడ్డు మీద నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్తుంటారు. గండిపేట వైపు మంచు దిగితే లారీ డ్రైవర్‌కు మీరు కనిపించేది ఆఖరి నిమిషంలోనే. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపున, ఒకరి వెనక ఒకరు, అందరికీ రిఫ్లెక్టర్ జాకెట్, చివరి మనిషికి ఎర్ర లైటు. క్లబ్ డబ్బుతో ముందు కొనాల్సింది ఇవి, ఫినిషర్ టీషర్టులు తర్వాత. ఇంకొకటి, గాలి లేని చలి పొద్దుల్లో పొగ పైకి పోదు, చెత్త కాల్చే చోట్ల మరీ ఘోరం. ఫోన్‌లో గాలి నాణ్యత చూసి బాగా చెడ్డగా ఉన్న రోజు లాంగ్ రన్ మర్నాటికి మార్చుకోండి.

చివరిగా, మీరు అడగలేదు కానీ ప్రతి క్లబ్‌లోనూ జరిగేది. ఒకరికి జ్వరం వచ్చిందనో ఆఫీసులో సెలవు ఇవ్వలేదనో ఆ బిబ్ ఇంకొకరికి ఇచ్చేయడం. డబ్బు వృథా అవుతుందని బాధ ఉంటుంది, నిజమే. కానీ ఆ బిబ్ నంబర్‌కు ఒక పేరు, వయసు, బ్లడ్ గ్రూప్, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ జతచేసి ఉంటాయి. దారిలో మనిషి పడిపోతే డాక్టర్లు చూసేది వాటినే, ఫోన్ వెళ్లేది వేరే ఇంటికి. నిర్వాహకులు పట్టుకుంటే ఇద్దరినీ అనర్హుల్ని చేస్తారు, అది వేరే సంగతి. మీ గ్రూప్‌లో ఈ ఒక్క నియమం ఇప్పుడే పెట్టండి, జ్వరం ఉన్నవాళ్లు పరుగెత్తరు, వాళ్ల బిబ్ ఎవరూ కట్టుకోరు. ఎవరికి ఏది అసలు రేసు, ఇప్పుడు వారానికి ఎన్ని కిలోమీటర్లు వెళ్తున్నారు అన్న జాబితా రాసి ఇక్కడే పెడితే వారాలవారీ ప్లాన్ చూసి చెప్తాను.